మాస్టారి ఎడమ చెయ్యి

నా ఉద్యోగానికి అసలు పనిముట్టు కోడి ఈక. నమ్మరని తెలుసు. మనిషిని గొట్టంలోకి పంపి లోపలి ఎముకల ఫొటోలు తీసే రోజుల్లో ఉన్నవారికి, ప్రభుత్వం జీతమిచ్చి మరీ ఒక ఆడమనిషిని ఈక పట్టుకుని ఊళ్ళు తిరగమందంటే నవ్వొస్తుంది. నవ్వండి, మేమూ నవ్వుకునేవాళ్ళమే. కుష్ఠు నివారణ పథకంలో ఇంటింటికీ తిరిగే ఉద్యోగినిని నేను. ఒంటి మీద పాలిపోయిన మచ్చ ఎక్కడైనా ఉందా అని అడగాలి. ఉంటే ఆ మనిషిని కళ్ళు మూసుకోమని, మచ్చ మీద ఈక కొస తాకించి, తగిలిన చోటు వేలితో చూపించమనాలి. చూపిస్తే బెంగ లేదు. చూపించలేకపోతే అక్కడ స్పర్శ పోయిందని లెక్క, మందు మొదలుపెట్టాలి.

కోనసీమలో ఆ జబ్బు పేరు ఎవరూ పైకి పలికేవారు కాదు. 'పెద్ద రోగం' అనేవారు, అదీ గొంతు తగ్గించి. మమ్మల్ని 'మచ్చలోళ్ళు' అనేవారు. మేం వీధి మొదట్లో కనపడితే తలుపులు ఓరగా వేసుకునే ఇళ్ళుండేవి. ఒకసారి కొత్తపేట దగ్గర ఒక ఇల్లాలు, మేం అరుగు మీద కూర్చుని లేచామో లేదో, బిందెడు నీళ్ళు కుమ్మరించి కడగడం మొదలుపెట్టింది. నాకు ముక్కు మీద కోపం. నడుం బిగించి తగువుకు దిగాను. నాతో వచ్చిన పెద్దాయన మాత్రం తాపీగా, "ఎలాగూ కడుగుతున్నారు గదండీ, ఆ మూల కూడా ఓ చెంబుడు పొయ్యండి. నేను అక్కడ కూర్చున్నాను" అన్నారు. ఆవిడకు నవ్వు ఆగలేదు. కాసేపటికి మాకు మజ్జిగ వచ్చింది.

ఆయన్నే మేమంతా మాస్టారు అనేవాళ్ళం. నిజానికి ఆయనది కూడా నా ఉద్యోగమే. బడుల్లో పిల్లలకు ఈ జబ్బు గురించి చెప్పే పాఠం ఎప్పుడూ ఆయనకే అప్పగించేవారు కాబట్టి ఆ పేరు పడిపోయింది. నాకంటే బాగా పెద్ద. నన్ను 'అమ్మాయిగారూ' అని పిలిచేవారు. మగవాళ్ళను ఆయన, ఆడవాళ్ళను నేను పరీక్ష చేసేవాళ్ళం. రాజోలు చుట్టుపక్కల నుంచి అంతర్వేది దాకా, బస్సు వెళ్ళే చోటికి బస్సులోనూ, వెళ్ళని చోటికి సైకిళ్ళ మీదా తిరిగాం. ఆయన నోటికి తాళం ఉండేది కాదు. ఎండలో సైకిలు తొక్కుతూ కూడా ఏదో ఒకటి చెప్పి నవ్వించేవారు.

మా ఇద్దరికీ ఒక ఆట ఉండేది. ఊళ్ళో నలుగురూ పోగయ్యాక, వాళ్ళ భయం పోవడానికి ముందు మాస్టారు తన మీదే పరీక్ష చేయించుకునేవారు. చొక్కా చెయ్యి పైకి మడిచి, ఎడమ చెయ్యి చాపి, కళ్ళు గట్టిగా మూసుకునేవారు. నేను ముందు మోచేతి దగ్గర ఈక తాకించేదాన్ని. "ఈగ వాలింది" అని కుడిచేతి వేలు అక్కడ పెట్టేవారు. తరువాత ముంజేతి మీద. "గాలి తగిలింది." మూడోది చిటికెన వేలి వైపు అరచేతి అంచున. "అయ్యబాబోయ్, మా ఆవిడ గిల్లింది" అని చెయ్యి వెనక్కి లాగేసుకునేవారు. ఊరు ఊరంతా ఘొల్లుమనేది. ఆ నవ్వులోనే మొదటి మనిషి ముందుకొచ్చి చొక్కా విప్పేవాడు.

ఏళ్ళ తరబడి అదే వరస. ఎప్పుడూ మోచెయ్యి, ముంజెయ్యి, అరచేతి అంచు. వరస మారిస్తే మాట పేలదు కాబట్టి మేం మార్చలేదు. ఎంత అలవాటైపోయిందంటే, నేనెప్పుడు తాకుతానో చుట్టూ జనం సద్దుమణిగే తీరును బట్టే ఆయనకు తెలిసిపోయేది. పరీక్ష అనేది కాస్తా హరికథలో పిట్టకథ అయి కూర్చుంది. మందు కంటే ఆటే బాగుందని ఊళ్ళవాళ్ళు మెచ్చుకుంటే మాకూ బాగానే ఉండేది.

ఇది జరిగింది ఆ పెద్ద తుఫాను మా కొబ్బరితోటల్ని పడుకోబెట్టి వెళ్ళిన మరుసటి ఎండాకాలం. ఆ రోజుల్లో టీ కొట్టు దగ్గర ఒక వేడుక నడిచేది. అప్పుడే పోసిన గాజుగ్లాసును మేమందరం అంచు పట్టుకుని, ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ ఊదుకుంటూ తాగుతుంటే, మాస్టారు ఎడమ అరచేతిలో పొదివి పట్టుకుని కబుర్లు చెబుతూ నిలబడేవారు. టీ కొట్టతను, "మీది చెయ్యి కాదండీ, పట్టకారు" అనేవాడు. అందరం నవ్వేవాళ్ళం, మాస్టారు అందరికంటే ఎక్కువ నవ్వేవారు. ఒకరోజు ఆయన చిటికెన వేలి పక్కన చిన్న బొబ్బ కనబడితే నా సంచీలోని పూతమందు రాశాను. నొప్పిగా ఉందా అంటే, అబ్బే ఏం లేదండీ అన్నారు. 'కాలినా తెలియకపోతే వెంటనే మా దగ్గరికి రండి' అని ఆ ఉదయమే ఒక ఊళ్ళో చెప్పి వచ్చినదాన్ని, ఆ సాయంత్రం ఆ మాట విని సంచీ సర్దుకుని బస్సెక్కాను. దీపం కిందే చీకటి అని ఊరికే అనలేదు.

ఆ రోజు అంతర్వేది అవతల ఒక చిన్న చేపల పల్లెకు వెళ్ళాం. తుఫానులో పాత పాకలన్నీ పోయి, కొత్త తాటాకు పాకలు లేచాయి. పడవలు ఒడ్డుకు వచ్చి, వలలు ఆరేసి ఉన్నాయి. మేం వెతుక్కుంటూ వెళ్ళింది ఒక పెద్దావిడ కోసం. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళమ్మట అమ్మే మనిషి. ఆవిడ జబ్బ మీద మచ్చ ఉందని, ఎవరికీ చూపించడం లేదని, కోడలు నాకు రహస్యంగా చెప్పింది. నేను లోపలికి రమ్మంటే ఆవిడ రానంది. బతిమాలితే తిట్టింది. ఎప్పటిలాగే మాస్టారు పాక ముందు చాప మీద కూర్చుని చొక్కా చెయ్యి మడవడం మొదలుపెట్టారు.

పెద్దావిడ నడుం మీద చేతులు పెట్టుకుని చూసి చూసి, "మీరిద్దరూ కూడబలుక్కునొచ్చినోళ్ళే. ఆయమ్మ ముట్టుకుంటాది, నువ్వు సెప్తావు. ఆ ఈక ఇలా తే. ఇయ్యాల నేను ముట్టుకుంటాను" అంది.

చుట్టూ చేరిన ఆడవాళ్ళకు హుషారొచ్చింది. మాస్టారు "ఆయ్, అలాగే కానివ్వమ్మా" అని చెయ్యి చాపి కళ్ళు మూసుకున్నారు. నేను ఈక ఇచ్చి పక్కకు జరిగాను. ఆవిడకు మా వరస ఏం తెలుసు? మోచెయ్యీ వద్దు, ముంజెయ్యీ వద్దు. నేరుగా చిటికెన వేలి మీద తాకించింది.

మాస్టారు కదలలేదు. పెదవుల మీద చిన్న నవ్వుతో ఎదురుచూస్తున్నారు. ఆవిడ మళ్ళీ తాకించింది, ఈసారి అరచేతి అంచున అటూ ఇటూ రాసింది. "ఏటి బాబూ, నిద్రోయావా?" అని అడిగింది. ఆ గొంతు వినగానే మాస్టారు ఠక్కున "ఈగ వాలింది" అని కుడిచేతి వేలు తీసుకెళ్ళి మోచేతి దగ్గర పెట్టారు.

పల్లె పల్లెంతా పకపకా నవ్వింది. కావాలని ఆట పట్టిస్తున్నాడనుకున్నారు. ఒక్క క్షణం నేనూ నవ్వాను. తరువాత ఆయన మొహం చూశాను. జనం నవ్వారు కాబట్టి తాను సరిగ్గానే చెప్పానన్న తృప్తి ఆ మొహంలో ఉంది. కళ్ళు మూసుకునే ఉన్నారు, రెండోది ఎప్పుడు తగులుతుందా అని కాచుకుని ఉన్నారు.

పెద్దావిడ ఈక తిరగేసింది. మొదలు వైపు మొనను ఆయన చిటికెన వేలి కండలో పెట్టి నొక్కింది. వేలు పాలిపోయి గుంట పడింది. మాస్టారు అలాగే చిరునవ్వుతో కూర్చున్నారు. అందరికంటే ముందు ఆగిన నవ్వు ఆ పెద్దావిడదే. ఆ తరువాత ఒకరొకరే ఆపేశారు. చివరికి సముద్రం హోరు తప్ప మరే చప్పుడూ లేదు. అంత నిశ్శబ్దంలోనూ మాస్టారు నవ్వు మొహంతో ఎదురుచూస్తూనే ఉన్నారు. ఎంత జీతమిచ్చినా ఇంకొకసారి చూడలేను ఆ మొహాన్ని.

"కళ్ళు తెరు బాబూ" అంది పెద్దావిడ, మెల్లగా.

మాస్టారు కళ్ళు తెరిచారు. ఈక మొన ఇంకా వేలిలో దిగే ఉంది. ఆయన వేలి వంక చూడలేదు, నా వంక చూశారు. నా చేతులు నేర్చిన పని చేశాయి. ఈక తీసుకుని, మళ్ళీ కళ్ళు మూసుకోమని, వరస లేకుండా ఇక్కడొకటి అక్కడొకటి తాకించాను. మోచేతి దగ్గర తెలిసింది. ముంజేతి మీద తెలిసింది. అరచేతి అంచున లేదు. చిటికెన వేలంతా లేదు, ఉంగరపు వేలు సగం లేదు. మోచేతి వెనక నరం తడిమి చూశాను. కొబ్బరి తాడంత లావుగా, బిగుసుకుని తగిలింది. ఎంతోమంది మోచేతుల వెనక తడిమిన నరమే అది. ఒంటి మీద ఒక్క మచ్చ లేకుండా, సరాసరి నరానికే వచ్చే రకం ఒకటి ఉంటుందని శిక్షణలో చదువుకున్నాం. చదువుకున్నది మా మాస్టారి చేతిలో తగులుతుందని కలలో కూడా అనుకోలేదు.

ఆడవాళ్ళు వెనక్కి జరిగారు. ఒకామె చంటిదాన్ని చంకకెత్తుకుని వెళ్ళిపోయింది. పెద్దావిడ మాత్రం నిలబడ్డ చోటే నిలబడి ఒక్క మాట అడిగింది.

"మీక్కూడా వస్తాదా?"

ఏళ్ళ తరబడి ఆ ప్రాంతమంతా ఉపన్యాసాలిచ్చిన ఇద్దరం అక్కడ ఉన్నాం. మాస్టారు మడిచిన చొక్కా చెయ్యి కిందికి దించుకున్నారు.

పల్లె దాటి గట్టెక్కాక సైకిళ్ళు నడిపించుకుంటూ వచ్చాం. తొక్కే ఓపిక ఇద్దరికీ లేదు. ఇప్పుడే బయటపడింది కదా, కంగారు పడక్కర్లేదు, రేపే డాక్టరుగారికి చూపిద్దాం అని నేనేదో అంటున్నాను. మాస్టారు కాసేపు విని, "ఇప్పుడు బయటపడింది మీకండీ. నాకు చలి వెళ్ళేటప్పటి నుంచీ తెలుసు" అన్నారు.

సైకిలు చేతిలోంచి జారి గట్టు మీద పడిపోయింది. ఎత్తలేదు. అంతవరకూ ఆయన మీద పొంగిన జాలంతా కోపంగా మారింది. నోటికి ఎంతొస్తే అంత అన్నాను, పెద్దాయన అని కూడా చూడలేదు. ఆలస్యం చేస్తే నరం చచ్చిపోతుందని, వేళ్ళు వంకర తిరుగుతాయని, పోయిన స్పర్శ కొత్తలో అయితేనే తిరిగొస్తుందని ఊరూరా చెప్పింది మీరు కాదా అని అరిచాను. ఆయన పడ్డ సైకిలు ఎత్తి నిలబెట్టి, మట్టి దులిపి నాకందించారు. ఎడమ చేత్తో హ్యాండిలు పట్టుకునేటప్పుడు ఆ చేతి వంక చూసుకుని మరీ పట్టుకున్నారు. చూడకపోతే ఎంత గట్టిగా పట్టుకున్నదీ తెలియదన్నమాట. అది కూడా అప్పుడే గమనించాను.

"అందరికీ ధైర్యం చెప్పేనండీ" అన్నారు. "నా దాకా వచ్చేసరికి అదేంటో, ఒక్క మాటా గుర్తు రాలేదు."

రోజూ తెల్లారకుండా లేచి నూతి గట్టు దగ్గర తనను తానే పరీక్ష చేసుకునేవారట. కళ్ళు మూసుకుని కుడిచేత్తో ఎడమ వేలు తాకి చూసుకునేవారట. ఒకరోజు తెలిసినట్టుండేదట, ఒకరోజు తెలియనట్టుండేదట. తెలిసినట్టున్న రోజు ఉత్సాహంగా ఉద్యోగానికి వచ్చేవారు. "మనల్ని మనం ముట్టుకుంటే ఎప్పుడూ తెలిసినట్టే ఉంటుందండీ. ముట్టుకునే చేతికి తెలుస్తుంది గదా" అని తనే నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మొదట్లో అసలు ఇది జబ్బేనని తోచలేదన్నారు. చొక్కా గుండీ పెట్టుకునేటప్పుడు దారం వేలికి తగిలేది, తగలడం మానేసింది. కొబ్బరి బోండాం చేతిలోకి తీసుకుంటే బరువు తెలిసేది కానీ చల్లదనం కుడిచేతికే తెలిసేది. బస్సులో కమ్మీ పట్టుకుంటే ఆ అదురు చేతికి అందేది కాదు. ఇవన్నీ పోయేదాకా ఉన్నాయని తెలియదండీ అన్నారు. పోయాక మాత్రం రోజంతా అవే తలచుకునేవారట.

మరి ఎందుకు చెప్పలేదని అడిగాను.

"పెళ్ళైన దగ్గర నుంచీ మా ఆవిడ నా కంచంలోనే తింటుందండీ. నేను తిని లేస్తే అదే కంచంలో వడ్డించుకుంటుంది. ఇది తెలిస్తే మానేస్తుంది. మానెయ్యమని నేనే చెప్పాలి. ఆ రోజు రాకుండా చూసుకుందామనుకున్నాను."

కంచంలో తింటే అంటుకునే జబ్బు కాదని, మందు మొదలుపెడితే అసలే భయం లేదని ఆయనకు తెలియదా? కొన్ని వందల ఇళ్ళలో, మొగుణ్ణి పశువుల పాకలో పడుకోబెట్టిన ఆడవాళ్ళకు కూర్చుని నచ్చజెప్పిన మనిషి. చదువు తలలో ఉంటుంది, భయం ఇంకెక్కడో ఉంటుంది కాబోలు. సెలవు పెట్టి విశాఖపట్నం పోయి, మనల్ని ఎరగని చోట మందులు తెచ్చుకుంటాను, ఆఫీసులో చెప్పకండి, ఇంట్లో అసలు చెప్పకండి అని బతిమాలారు. పల్లె అంతా చూసిందండీ, గాలికంటే ముందే రాజోలు చేరుతుంది అన్నాను. ఇవాళ మీ ఇంటికి నేనూ వస్తున్నాను, మీరు చెప్పలేకపోతే నేనే చెబుతాను అన్నాను. ఆయన వద్దనలేదు, రమ్మననూ లేదు.

పొద్దు వాలేవేళకు చేరాం. రాజోలు దాటాక కాలవ పక్కన రెండు గదుల పెంకుటిల్లు వాళ్ళది. ఆయన భార్య వాకిట్లో కూర్చుని చీపురు కోసం కొబ్బరి ఈనెలు చీరుతోంది. నన్ను చూసి లేచి, రండమ్మా అని పీట వేసింది. మాస్టారు గుమ్మం దగ్గరే నిలబడిపోయారు. చెప్పులు కూడా విప్పలేదు. ఇక నేనే మొదలుపెట్టాను. ప్రతి ఇంట్లో చెప్పే మాటలే. పిన్నిగారూ, కంగారు పడకండి, ఇది శాపమూ కాదు పాపమూ కాదు, అన్ని జబ్బుల్లాగే ఇదీ ఒక జబ్బు, మందుంది అని.

ఆవిడ నన్ను అక్కడే ఆపింది. "ఎడమ చెయ్యే గదండీ?" అని అడిగింది.

మధ్యాహ్నం తగిలిన దెబ్బ నుంచి తేరుకోకముందే ఇది. మాస్టారు గోడకు చేయి ఆనించి నిలబడ్డారు.

ఆవిడ మళ్ళీ కూర్చుని ఈనెలు చీరుతూనే చెప్పింది. కరెంటు పోయినప్పుడు ఇద్దరూ అరుగు మీద కూర్చునేవారట. మా కోనసీమ దోమల సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఆయన కుడిచేతి మీద వాలితే కొట్టుకునేవారు, ఎడమచేతి చిటికెన వేలి వైపు వాలితే ఊరుకునేవారు. నిండా రక్తం తాగి ఎగరలేక కూర్చున్నా ఊరుకునేవారు. చూసి చూసి ఆవిడే కొంగుతో తోలేది. ఇంటికొచ్చాక రోజూ ఆయన ఊళ్ళ కబుర్లన్నీ చెబుతుంటే వింటూ వచ్చిన మనిషి, స్పర్శ పోవడమంటే ఏమిటో ఆవిడకు చెప్పాల్సిన పనే లేదు. ఒక మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే, చిటికెన వేలి గోటి పక్కన గిల్లి కూడా చూసిందట. గట్టిగానే గిల్లానండీ అంది.

మరి ఆయన్ను ఎందుకు అడగలేదు, మా దగ్గరికి ఎందుకు లాక్కురాలేదు అన్నాను. గొంతు నాకు తెలియకుండానే లేచింది.

"మందులు వేసుకుంటూనే ఉంటారనుకున్నానండీ" అంది. "ఆయన ఉద్యోగమే అది గదండీ. ఊరందరికీ ఇచ్చే మనిషి తను వేసుకోకుండా ఉంటారా? నాకు తెలిస్తే బాధపడతానని చెప్పలేదు కాబోలు, తగ్గేక ఆయనే చెప్తారులే అని ఊరుకున్నాను."

మాస్టారు గుమ్మంలోనే కూలబడ్డారు. కంచం సంగతి అడిగారు. ఆవిడకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కోపం వచ్చింది. అంత కోపం ఆ ఇంట్లో మళ్ళీ ఎప్పుడూ చూడలేదు. "పొద్దున్న కూడా అందులోనే తిన్నాను. ఏం, తినకూడదా?" అని చేతిలోని ఈనెలు విసిరికొట్టి లోపలికి వెళ్ళిపోయింది. మాకు వంటింట్లోంచి ఏడుపు వినబడింది.

రెండు గదుల ఇల్లు. ఇద్దరే మనుషులు. ఒకే సంగతి ఒకరి దగ్గర ఒకరు దాచుకున్నారు. ఆవిడ మందు పడుతోందనుకుంది, ఆయన ఆవిడకు తెలియదనుకున్నారు. ఈ మర్యాదల మధ్య నరం ఎండిపోతూ వచ్చింది. నా ఉద్యోగంలో వేళ్ళు లేని చేతులు చూశాను, మూతపడని కళ్ళు చూశాను. కానీ ఆ సాయంత్రం నన్ను నిలువునా కుదిపినంతగా ఏదీ కుదపలేదు. ఇంటికెళ్ళి వంట చేస్తూ పిచ్చిదానిలా అన్నీ తాకి చూసుకున్నాను. ఉప్పు గరుకు, తడిగుడ్డ చలవ, బియ్యం కడుగుతుంటే వేళ్ళ సందుల్లోంచి జారే గింజలు. ఇదంతా రోజూ జరుగుతోందా అని ఆశ్చర్యం వేసింది, భయమూ వేసింది. ఏమిటా తడుముకోవడం అని మా ఆయన అడిగితే ముందు చెయ్యి చాపమని ఆయనకూ ఈక పరీక్ష చేసేశాను.

మర్నాడే మా డాక్టరుగారు మందులు మొదలుపెట్టారు. ఆయనా నమ్మలేకపోయారు. రోజూ తనకు నమస్కారం పెట్టే చెయ్యి అది. జబ్బు తప్పకుండా తగ్గుతుంది, స్పర్శ సంగతి మాత్రం మాట ఇవ్వలేను అన్నారు. నరం వాపు తగ్గడానికి వేరే బిళ్ళలు ఇచ్చారు. రోజూ కొబ్బరినూనె రాసి వేళ్ళు సాగదీయమన్నారు. ఆ పని మాస్టారి భార్య తీసుకుంది. నేనెప్పుడు వెళ్ళినా ఆయన చెయ్యి ఆవిడ ఒళ్ళోనే ఉండేది.

ఊళ్ళలో గాలి రెండు వైపులా వీచింది. రెండు మూడు ఊళ్ళవాళ్ళు ఇక మీరు రావద్దని మొహాన్నే చెప్పారు. చేపల పల్లె పెద్దావిడ మాత్రం ఒకరోజు కోడల్ని వెంటబెట్టుకుని, బస్సెక్కి మా ఆఫీసుకే వచ్చేసింది. నేను చూస్తానంటే ఒప్పుకోలేదు, ఆ బాబే చూడాలంది. మాస్టారు వచ్చేదాకా మెట్ల మీద కూర్చుంది. ఆయన రాగానే ముందు ఆయన వేలు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, ఆ తరువాత జబ్బ మీది కొంగు తొలగించింది. ఆవిడకు మందు సకాలంలోనే పడింది.

ఆ వేలి సంగతి ముందే చెప్పేస్తాను. చిటికెన వేలు కొంచెం వంకర తిరిగి అలాగే ఉండిపోయింది. దాని స్పర్శ తిరిగి రాలేదు. పదిహేను రోజులకొకసారి నేను పరీక్ష చేసేదాన్ని. ఎండలు పోయాయి, వానలు పడ్డాయి, నాట్లు అయిపోయాయి. అరచేతి అంచున ప్రతిసారీ ఏమీ లేదు. మా ఆట మానేశాం. మాస్టారు జనం ముందు చెయ్యి చాపి, ఇక్కడ తాకితే నాకు తెలియదండీ, ఆలస్యం చేశాను అని ఊరికే చెప్పేవారు. నవ్వించడం మానేశారు. సైకిలు మీద ఆయన మాట వినబడకపోతే దారి చాలా పొడుగ్గా ఉండేది. ఇంకొక రెండు పరీక్షల తరువాత ఇక ఆశ వదులుకోవచ్చని డాక్టరుగారు నాతో విడిగా అన్నారు. నేను ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

వానలు వెనకబట్టాక ఒక ఆదివారం ఆ నెల బిళ్ళలు ఇవ్వడానికి వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన భార్య పెరట్లో నూతి దగ్గర బూడిదతో గిన్నెలు తోముతోంది. మాస్టారు సపోటా చెట్టు మొదలుకు ఎడమ చెయ్యి ఆనించి నిలబడి, నాతో డాక్టరుగారి మీద ఫిర్యాదులు చెబుతున్నారు. ఆ వాపు బిళ్ళలతో మొహం గుమ్మడికాయ అయిందని, అద్దంలో చూసుకుంటే ఎవరో షావుకారు కనపడుతున్నాడని. చాలా రోజుల తరువాత ఆయన గొంతులో కాస్త వెటకారం విని నేను సంతోషపడుతున్నాను.

"మొన్న కరణంగారు చూసి, ఏవండీ ఒళ్ళు చేసేరే అన్నారండీ. నేనన్నానూ... అబ్బా! ...ఒళ్ళు కాదండీ అది, గవర్నమెంటు బిళ్ళలూ..."

ఆగిపోయారు. చెట్టు మీంచి తీసి విదిలించిన చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. నూతి దగ్గర గిన్నె రాతి మీద పడి దొర్లింది. ఆయన భార్య ఆ బూడిద చేతులతోనే పరుగెత్తుకొచ్చి ఆయన మణికట్టు రెండు చేతులా పట్టుకుంది. అరచేతి అంచున, చిటికెన వేలికి కాస్త కింద, ఒక ఎర్ర చీమ కరిచిపట్టుకుని వేలాడుతోంది. మాస్టారు దాన్ని దులపడానికి కుడిచెయ్యి ఎత్తారు.

"దులపకండి" అందావిడ. "ఇంకోసారి కుట్టనివ్వండి."

ముగ్గురం దాన్నే చూస్తున్నాం. చీమ పట్టు వదిలి, పక్కకు రెండడుగులు నడిచి, మళ్ళీ కుట్టింది. మాస్టారు అరిచిన అరుపుకు కాలవ అవతలి గట్టు మీద వెళ్తున్న మనిషి సైకిలు ఆపి చూశాడు.